తీపీ, ఘాటూ రెండూ ఉంటే అది చెట్టు కల్లు కాదు

ఆదోని, ఎమ్మిగనూరు:

కోడి కూసే వేళకు చెట్టు దిగిన ఈత కల్లు నోట్లో పోసుకుంటే ముందుగా నాలుకకు తగిలేది తీపి. అదే చెట్టు, అదే కుండ, అదే మనిషి గీసిన కల్లు మధ్యాహ్నం తాగితే తీపి సగానికి తగ్గి, ఘాటు గొంతులో దిగుతుంది. పొద్దుగూకే వేళకు తాగితే పులుపు పళ్లను జివ్వుమనిపిస్తుంది. ఒకే కల్లు ఒక్క పగటిలో మూడు రుచులు మారుతుంది. మూడూ ఒక్కసారే నోటికి అందవు.

పాత తరం వారికి ఇది తెలియని సంగతి కాదు. తీపి కావాలంటే తెల్లవారుజామునే చెట్టు కిందికి పోవాలి. ఘాటు కావాలంటే ఎండ ఎక్కేదాకా ఆగాలి. "మామా, తియ్యదుందా?" అని అడిగితే "ఎండెక్కక ముందే రావాల అప్పా" అనే జవాబు వచ్చేది. ఈ రోజుల్లో తాగేవారి కోరిక మారింది. కల్లు పానకంలా తియ్యగా ఉండాలి, రెండు గ్లాసులకే తల తిరగాలి. చెట్టు ఇలాంటి కల్లును ఇవ్వలేదు. మరి ఎక్కడైనా సాయంత్రం ఏడు గంటలకు కూడా చక్కెర నీళ్లలా తియ్యగా ఉండి, రెండు గ్లాసులకే మనిషిని కూలవేసే కల్లు దొరుకుతూ ఉంటే ఆ తీపి ఎక్కడిది, ఆ మత్తు ఎక్కడిది అన్న అనుమానం ప్రతి ఒక్కరికీ కలగవలసి ఉంది. ఈ అనుమానం కూలి కుటుంబాల ప్రాణాలకు సంబంధించినది.

తెల్లవారుజాము రుచి

ఈత చెట్లు వంకల గట్ల మీద, చెరువుల కింద, తేమ నిలిచే నేలల్లో పెరుగుతాయి. చలికాలం ఈత కల్లుకు అదను. ఎండలు ముదిరేకొద్దీ తాటి కల్లు వంతు వస్తుంది. రాయలసీమలో ఈ వృత్తి తరతరాలుగా ఈడిగ వారిది. చెట్టు తల దగ్గర మట్టలు కొట్టి, లేత భాగాన్ని గీత కత్తితో పలుచగా చెక్కి, ఆ గాటు నుంచి కారే పాలను కుండలోకి మళ్లిస్తారు. పొద్దుగూకే ముందు కట్టిన కుండను తెల్లవారుజామున దింపుతారు. కొద్ది రోజులు గీసిన తర్వాత చెట్టుకు కొద్ది రోజులు విశ్రాంతి ఇవ్వాలి. అలా ఇవ్వకుండా గీస్తూ పోతే చెట్టు చచ్చిపోతుంది.

కుండ లోపల సున్నం పూస్తే పాలు పులియకుండా ఉంటాయి. దీనినే నీరా అంటారు. ఇందులో మత్తు ఉండదు, పిల్లలు కూడా తాగవచ్చు. చూడడానికి కొబ్బరి నీళ్లలా తేటగా ఉంటుంది. ముంత ముక్కు దగ్గరకు తెస్తే లేత ముంజల వాసన వస్తుంది. మొదటి గుక్కలో తగిలేది బెల్లం పానకం లాంటి తీపే గాని, పానకంలా బరువుగా ఉండదు, నాలుక మీద జారిపోతుంది. చివరలో పచ్చి మట్ట విరిచినప్పుడు వచ్చే వాసన లాంటిది సన్నగా మిగులుతుంది. రెండు ముంతలు తాగినా కడుపు చల్లబడుతుందే తప్ప తల తిరగదు.

ఈ తీపి లెక్క తెలుసుకోవడం అవసరం. చెట్టు పాలలో నూటికి సుమారు 10 నుంచి 14 పాళ్లు చక్కెర ఉంటుంది. అంటే లీటరు పాలలో సుమారు 100 నుంచి 140 గ్రాముల చక్కెర. చెట్టు ఇచ్చే పెట్టుబడి ఇంతే. తర్వాత కల్లుకు వచ్చే ఘాటు అంతా ఈ పెట్టుబడిలో నుంచే రావాలి.

ఎండ ఎక్కేకొద్దీ

సున్నం లేని కుండలో పని వెంటనే మొదలవుతుంది. చెట్టు మీద, గాలిలో, పాత కుండ గోడల్లో ఈస్టు అనే కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. ఇవి పాలలోని చక్కెరను తిని రెండు వస్తువులను వదులుతాయి. ఒకటి మత్తు కలిగించే ఆల్కహాలు. రెండవది సోడా కాయలో ఉండే గాలి. కల్లు పొంగడానికి, నురగ కట్టడానికి, నాలుక మీద చిటచిటలాడడానికి ఈ గాలే కారణం.

ఎనిమిది, తొమ్మిది గంటల వేళకు కల్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడుతుంది. పులిసిన దోసె పిండి వాసన మొదలవుతుంది. తీపి ఇంకా ఉంటుంది గాని దాని వెనుక సన్నని పులుపు, గొంతులో కొద్దిపాటి వెచ్చదనం చేరుతాయి. కల్లు రుచి తెలిసిన వారు చాలా మంది మెచ్చుకునే కల్లు ఇదే. వేయించిన బుడ్డలు గాని, కారం చల్లిన గుగ్గిళ్లు గాని దీనికి జోడీ. కారం తగిలిన నాలుకకు ఆ మిగిలిన తీపి మరింత హాయిగా ఉంటుంది.

మధ్యాహ్నానికి నురగ ముంత అంచు దాటుతుంది. తీపి వెనుకబడి ఘాటు ముందుకు వస్తుంది. మంచి కల్లులో సాధారణంగా ఆల్కహాలు నూటికి 4 నుంచి 6 పాళ్లు ఉంటుంది. ఇంతకన్నా ఎక్కువ ఎందుకు ఉండదన్నది తెలియాలంటే పైన చెప్పిన పెట్టుబడి లెక్కకు రావాలి. ఈస్టు ఎంత బాగా పనిచేసినా చక్కెర బరువులో సుమారు సగం మాత్రమే ఆల్కహాలు అవుతుంది, మిగతా సగం గాలిలో కలిసిపోతుంది. లీటరులో ఉన్న 120 గ్రాముల చక్కెర అంతా ఖర్చయినా వచ్చే ఆల్కహాలు 60 గ్రాములే. అప్పటికి తీపి పూర్తిగా పోయి ఉంటుంది. తీపి సగం మిగలాలంటే మత్తు సగానికే ఆగాలి. ఒకటి పెరిగితే ఒకటి తగ్గక తప్పదు, త్రాసులో రెండు తట్టల మాదిరి.

సాయంత్రానికి ఇంకో రకం సూక్ష్మజీవులు చేతికి పని తీసుకుంటాయి. అవి ఉన్న ఆల్కహాలును పులుపుగా మారుస్తాయి. అప్పుడు కల్లు ముక్కిన మజ్జిగలా, మరునాటికి వంటల్లో వాడే వెనిగరులా తయారవుతుంది. అందువల్లనే నిజమైన కల్లును నిలవ పెట్టి అమ్మడం సాధ్యం కాదు. రాత్రి ఎనిమిది గంటలకు కూడా ఉదయపు తీపితో ఉన్న కల్లు చెట్టు స్వభావానికే విరుద్ధం.

తీపి బీరు సంగతి

"తీపీ, మత్తూ కలిసి ఉండే పానీయాలు అసలే లేవా?" అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నాయి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి బెంగళూరుకు పనులకు వెళ్లిన యువకులకు అక్కడి చిన్న బీరు తయారీ కేంద్రాల పేర్లు కొత్త కాదు. హోటల్లోనే పెద్ద రాగి, ఉక్కు పాత్రలు పెట్టి అక్కడికక్కడ బీరు వండి పోసే పద్ధతి అది. అలాంటి బీర్లలో ఒక రకం చాలా ఘాటుగా, చాలా తియ్యగా ఉంటుంది. అది ఎలా సాధ్యమైందో తెలిస్తే కల్లు విషయం ఇంకా బాగా అర్థమవుతుంది.

బీరును బార్లీ గింజలతో చేస్తారు. మన ఇళ్లలో రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, మాల్టు పిండి చేసినట్లే బార్లీని కూడా మొలకెత్తించి ఆరబెడతారు. దానిని వేడినీళ్లలో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. ఆ రసంలో హాప్స్ అనే చేదు పువ్వు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెడతారు. మామూలు బీరుకు రసం పలుచగా ఉంటుంది. ఘాటైన తీపి బీరుకు మాత్రం గింజలు రెండింతలకు పైగా పోసి రసాన్ని చిక్కగా దింపుతారు. చక్కెర నూటికి 25 నుంచి 30 పాళ్ల దాకా ఉంటుంది. మన చెట్టు పాలకు ఇది రెండింతలు. ఆల్కహాలు పది, పన్నెండు పాళ్లకు చేరేసరికి ఈస్టు తన ఆల్కహాలులో తానే అలసి పని మానుతుంది. ఇంకా తినని చక్కెర అడుగున మిగిలిపోతుంది. ఆ మిగిలినదే తీపి.

18వ శతాబ్దంలో లండన్‌లో వండిన నల్లటి ఘాటు బీరు ఓడల మీద రష్యా రాణి కేథరిన్ ఆస్థానానికి వెళ్లేది. బెల్జియంలోని ఒక క్రైస్తవ సన్యాసుల మఠంలో తయారయ్యే వెస్ట్‌వ్లెటెరెన్ బీర్లలో అన్నిటికన్నా ఘాటైన దానిలో ఆల్కహాలు 10 పాళ్లకు పైగా ఉంటుంది. అమెరికాలోని బోస్టన్ కంపెనీ ఒకటి 2002 నుంచి యుటోపియాస్ పేరుతో చేస్తున్న బీరులో 2023లో 28 పాళ్ల ఆల్కహాలు ఉంది. అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల్లో దాని అమ్మకానికి చట్టం ఒప్పుకోదు.

ఈ బీర్ల రుచి మన దుకాణాల్లో దొరికే బీరు రుచికి దూరం. రంగు పాకం ముదిరిన బెల్లంలా ఉంటుంది. నురగ తక్కువ, యుటోపియాస్‌లో అసలే ఉండదు. వాసనలో ఎండు ఖర్జూరం, ఎండు ద్రాక్ష, మాడీ మాడని బెల్లం, నల్ల రకాల్లో వేయించిన కాఫీ గింజల పోకడ ఉంటుంది. నాలుక మీద తేనెలా చిక్కగా పరుచుకుంటుంది, వెనుక నుంచి వేడి లేస్తుంది. వాటిని ముంతలతో తాగరు. చిన్న గ్లాసులో మూడు, నాలుగు చెంచాలంత పోసుకుని గంటసేపు చప్పరిస్తారు. సీసా మీద ఎన్ని పాళ్ల ఆల్కహాలు ఉన్నదీ అచ్చు వేసి ఉంటుంది. తాగేవాడికి తానేమి తాగుతున్నాడో తెలుస్తుంది.

మన దుకాణాల్లో స్ట్రాంగ్ బీరుగా అమ్మేది 8 పాళ్లకు మించరాదన్నది దేశంలో నిబంధన. 650 మిల్లీలీటర్ల సీసాలో ఆ లెక్కన 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. 5 పాళ్ల కల్లు అంతే కొలత తాగితే వచ్చేది 32 మిల్లీలీటర్లు. అంటే కల్లు ఎప్పుడూ బీరు కన్నా మెత్తనిదే. గట్టి బీరు కూడా కూలవేయని మనిషిని రెండు గ్లాసుల తియ్యటి కల్లు కూలవేసిందంటే కుండలో చెట్టు పాలు కాక ఇంకేదో ఉందన్నమాట.

ఆ ఇంకేదో ఏమిటి?

తెలుగు రాష్ట్రాల్లో ఎక్సైజ్ వారు ఏళ్ల తరబడి పట్టుకుంటూ వస్తున్న సరుకుల పేర్లే దీనికి జవాబు. ఒకటి క్లోరల్ హైడ్రేట్. వాడుకలో దీనిని సీహెచ్ పౌడరు అంటారు. 19వ శతాబ్దంలో వైద్యులు నిద్ర పట్టించడానికి వాడిన మందు ఇది. రెండవది డైజోఫాం. మూడవది అల్ప్రాజోలం. ఈ రెండూ వైద్యుడు చీటీ రాసి, మోతాదు చెప్పి ఇవ్వవలసిన మందులు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చేవి. నీళ్లలో వీటిని కలిపి, తెల్లదనానికి, పులుపుకు కొంత కల్లు చేర్చి, తీపికి శాకరిన్ వేస్తే చూపులకు కల్లే అవుతుంది.

శాకరిన్ చక్కెర కాదు. చక్కెర కన్నా కొన్ని వందల రెట్లు తీపి ఉండే రసాయనం. ఈస్టు దానిని తినలేదు. అందువల్ల ఎంతసేపు ఉంచినా ఆ తీపి తగ్గదు. సాయంత్రం కూడా కల్లు తియ్యగా ఉండడంలోని రహస్యం ఇదే. మరో పని కూడా శాకరిన్ చేస్తుంది. సీహెచ్ పౌడరుకు చేదు, నోరు మండించే గుణం ఉన్నాయి. వాటిని ఈ తీపి కప్పి వేస్తుంది.

చెట్టు కల్లు తీపికీ, శాకరిన్ తీపికీ నాలుక మీద తేడా ఉంది. చెట్టు తీపి నోట్లో పడగానే వచ్చి, పులుపులో కలిసి, మెల్లగా పోతుంది. శాకరిన్ తీపి ఆలస్యంగా వచ్చి, మింగిన తర్వాత కూడా నాలుక వెనుక అంటుకుని ఉంటుంది. ఇనుప చెంచా నాకినట్లు చేదు మిగులుతుంది. మంచి కల్లు తాగిన వాడు మాటలు పెంచుతాడు, పాట ఎత్తుకుంటాడు, ఆ తర్వాత నిద్రపోతాడు. మందు కలిసిన కల్లు తాగిన వాడు మాట ముద్దగా మారి, నోట చొంగ కారి, ఉన్నచోటే ఒరిగిపోతాడు. లేచిన తర్వాత ఏం జరిగిందో గుర్తుండదు.

అయితే నాలుకను మాత్రమే నమ్ముకోవడం ప్రమాదం. కలిపేవాడు నేర్పరి అయితే రుచిలో తేడా దొరకకపోవచ్చు. నురగ ఉన్నంత మాత్రాన మంచిదనీ, తెల్లగా ఉన్నంత మాత్రాన అసలుదనీ చెప్పడానికి వీలులేదు. మందు ఉన్నదీ లేనిదీ తేల్చవలసింది పరీక్షశాలే.

చెట్లు లెక్క పెడితే చాలు

రుచి కన్నా సులువైన లెక్క ఒకటి ప్రతి ఊరివారికీ అందుబాటులో ఉంది. ఒక ఈత చెట్టు గీత రోజుల్లో రెండు, మూడు లీటర్లకు మించి పాలు ఇవ్వడం అరుదు. పైగా విశ్రాంతి రోజుల్లో ఏమీ ఇవ్వదు. గీత కాలం ముగిస్తే మళ్లీ ఏడాది దాకా ఇవ్వదు. ఊరి చుట్టుపక్కల గీతకు వచ్చే చెట్లు వంద ఉన్నాయనుకుంటే, అందులో ఏ రోజైనా గీసేవి సగమే అనుకుంటే, వచ్చే కల్లు నూరు, నూట యాభై లీటర్లు. ఆ ఊళ్లో రోజుకు అయిదు వందల లీటర్లు అమ్ముడవుతూ ఉంటే మిగతాది ఏ చెట్టు నుంచి దిగిందో అడిగే హక్కు గ్రామస్తులకు ఉంది.

పడమటి కర్నూలు మెట్ట ప్రాంతం. నల్లరేగడి, ఎర్ర నేలలు, వాన మీద ఆధారపడిన పత్తి, శనగ, బుడ్డల సాగు. తుంగభద్ర దిగువ కాలువ కింద తప్ప ఏడాది పొడుగునా తేమ ఉండే నేల తక్కువ. వానలు తప్పిన ఏడు సుగ్గికి వలస పోవడం కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు ఊళ్లకు మామూలు. ఇలాంటి చోట ఈత వనాలు గోదావరి గట్లలో మాదిరి విస్తారంగా ఉండవు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతర వచ్చినా, దేవరగట్టు బన్ని ఉత్సవం వచ్చినా తాగేవారి సంఖ్య పెరుగుతుందే గాని, జాతర వచ్చిందని చెట్టు రెండు కుండలు ఎక్కువ ఇవ్వదు. వేసవి నడిమిలో ఈత కల్లు పేరుతో ఎక్కడైనా పుష్కలంగా అమ్ముతుంటే అక్కడ అదను లేని చెట్టు కాస్తున్నదన్నమాట.

మానినా ముప్పే

మందు కలిసిన కల్లుతో ఉన్న అసలు చిక్కు అలవాటు పడిన తర్వాత బయటపడుతుంది. చెట్టు కల్లు ఒక రోజు దొరకకపోతే చిరాకు పడతారు. మందు కల్లు రెండు రోజులు దొరకకపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర ఉండదు, లేని మనుషులు కనపడతారు, ఫిట్స్ వస్తాయి. కొందరు ప్రాణాలే పోగొట్టుకుంటారు. 2015లో తెలంగాణలోని నిజామాబాద్, మెదక్ తదితర జిల్లాల్లో కల్తీపై అధికారులు ఒక్కసారిగా ఉక్కుపాదం మోపినప్పుడు ఇదే జరిగింది. మందు కల్లుకు అలవాటు పడ్డవారు వింత చేష్టలతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వరుస కట్టారు. కల్తీ కల్లు అమ్మడం ఎంత ప్రమాదమో, చికిత్స ఏర్పాటు లేకుండా దానిని ఒక్కసారిగా ఆపడం కూడా అంత ప్రమాదమని అప్పుడు తేలింది.

ఇది పాత ముచ్చట కాదు. 2025 జూలైలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో అధికులు రోజు కూలీలు. ఒళ్లు నొప్పులు మరిచిపోవడానికి సాయంత్రం ఒక సీసా తాగేవారే.

కాబట్టి ఇంట్లో ఎవరైనా ఇలాంటి కల్లుకు అలవాటు పడి ఉన్నారని అనుమానం వస్తే బలవంతంగా కట్టడి చేసి గదిలో పెట్టడం, కొట్టడం, ఆకు పసరు పోయడం చేయరాదు. వైద్యుని దగ్గరకు తీసుకుపోయి, ఏం తాగుతున్నదీ, ఎన్నాళ్ల నుంచి తాగుతున్నదీ దాచకుండా చెప్పాలి. మందును మెల్లమెల్లగా తగ్గించి మాన్పించే పద్ధతి వైద్యంలో ఉంది. ఆదోనిలో ఏరియా ఆసుపత్రి, కర్నూలులో ప్రభుత్వ సర్వజన వైద్యశాల ఉన్నాయి. ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా 108కు ఫోను చేసి, వచ్చేలోగా మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నీళ్లు, మజ్జిగ పోయరాదు, గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆగిపోతుంది. అలవాటు మాన్పించే సలహాల కోసం దేశమంతటికీ 14446 నంబరు ఉంది, దానికి ఖర్చు లేదు.

సరిహద్దు ఊళ్ల పాత కథ

మత్తు విషయంలో ఈ ప్రాంతానికి సరిహద్దు ఊళ్లకు ఉండే చిక్కులు అన్నీ ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ రోజుతో బళ్లారి అటు మైసూరుకు, ఆదోని ఇటు ఆంధ్రకు వచ్చాయి. గీత గీశారు గాని చుట్టరికాలు, సంతలు, తాగుడు గీతకు ఆగలేదు. ఒక వైపు నిషేధం వస్తే సరుకు మరో వైపు నుంచి దిగడం పరిపాటి. కర్ణాటక నుంచి అట్టపెట్టె మద్యం దొంగచాటుగా రావడం, పోలీసులు పట్టుకోవడం ఇటీవలి సంవత్సరాల్లోనూ తరచు వార్తే.

నిషేధాలు కూడా కొత్త కాదు. మద్రాసు రాష్ట్రమంతటా 1948లో మద్యనిషేధం అమలయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. దాని ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించినప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్నది కర్నూలు జిల్లాకే చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డి. 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఇన్ని రాకపోకల్లోనూ పేదవాడు వెతికింది ఒకటే, తక్కువ డబ్బుకు ఎక్కువ మత్తు. ఆ వెతుకులాటే కల్తీదారునికి పెట్టుబడి అయింది.

గీసే వాడికే నష్టం

కల్తీ వల్ల తాగేవాడితో పాటు నష్టపోతున్నది నిజాయితీగా చెట్టు గీసే కార్మికుడు. నడుముకు మోకు కట్టుకుని, చీకటితో లేచి, ముళ్ల మట్టల మధ్య చెట్టు ఎక్కాలి. మోకు జారితే నడుము విరుగుతుంది. ఇంత చేసి దింపిన కుండ పది గంటలు గడిస్తే పులిసి పారబోయవలసి వస్తుంది. పొడి నీళ్లలో కలిపి చేసే సరుకుకు చెట్టు అక్కరలేదు, మోకు అక్కరలేదు, అదను అక్కరలేదు. ధర తక్కువ, మత్తు ఎక్కువ. దాని పక్కన చెట్టు కల్లు "చప్పగా ఉంది, కిక్కు లేదు" అన్న మాట పడుతుంది. మంచి కల్లు అమ్మేవాడు దుకాణం మూసుకుంటే ఆ నేరం తాగేవారి నాలుకది కూడా.

ఇటీవల రాష్ట్ర ప్రభుత్వం మద్యం దుకాణాల్లో 10 శాతం గీత కులాల వారికి కేటాయించింది. అది వ్యాపారానికి సంబంధించిన మేలు. చెట్టు మీద ఆధారపడిన వారికి కావలసింది వేరు. వంకల గట్ల మీద, చెరువు కట్టల కింద ఈత మొక్కలు నాటాలి. మొక్క గీతకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక ఈ పని ఇప్పుడే మొదలు కావాలి. సున్నం కుండల నీరాను, ఈత బెల్లాన్ని పట్టణాల్లో అమ్ముకునే వీలు కల్పిస్తే మత్తు లేకుండానే చెట్టు కూడు పెడుతుంది.

అడగవలసిన మాట

ఎక్సైజ్ శాఖ వారు కల్లు దుకాణాల నుంచి నమూనాలు తరచు తీసి పరీక్షశాలకు పంపాలని, ఫలితాలను గ్రామ సచివాలయం గోడ మీద అందరికీ కనపడేలా అంటించాలని కోరడం గ్రామస్తుల హక్కు. దుకాణానికి ఎన్ని చెట్లకు అనుమతి ఉన్నదీ అక్కడే బోర్డు మీద రాసి పెడితే చెట్ల లెక్కను, అమ్మకాల లెక్కను ఎవరైనా సరిపోల్చుకోవచ్చు. దాడులు చేసే ముందు ఆసుపత్రిలో మంచాలు, మందులు సిద్ధంగా ఉంచడం 2015 నేర్పిన పాఠం.

చెట్టు కల్లు కూడా మత్తు పదార్థమే. రోజూ కుండ ఎత్తేవాడి కాలేయానికి, కొంపకు అది కూడా చేటే. తాగకుండా ఉండగలిగితే అంతకన్నా మంచిది లేదు. తాగక మానని వారు మాత్రం పెద్దలు చెప్పిన చెట్టు లెక్కను మరువరాదు. పొద్దున తీపి, మధ్యాహ్నం ఘాటు, సాయంత్రం పులుపు. ఈ మూడూ గడియారం ప్రకారం మారుతుంటే అది చెట్టుది. సాయంత్రం ముంతలో ఉదయపు తీపి, దాని అడుగున మనిషిని పడగొట్టే మత్తు కలిసి కనపడితే ముంత అక్కడే పెట్టి లేచి రావడం తాగేవాడికి, వాడి ఇంటికి క్షేమం.